రాతి మీద ఒక్‌బున్

మార్చి 6

పంది నవ్వుతోంది. నవ్వు మొహం ఉన్న తలకే గిరాకీ ఎక్కువట. తెల్లారకుండానే కసాయి దుకాణానికి వెళ్లి స్వయంగా ఏరి తెచ్చానని నాం గర్వంగా చెప్పాడు. నగర సాంస్కృతిక శాఖలో సెక్షన్ హెడ్ మరి, ఏరికోరి తేవడమే ఆయన ఉద్యోగం. ఉడికించిన ఆ తలని బల్ల మీద పెట్టి, చుట్టూ పళ్లూ బియ్యప్పిండి రొట్టెలూ పేర్చి, మ్యూజియం పని అడ్డంకుల్లేకుండా సాగాలని ఒక్కొక్కరమే నేలకి నుదురు ఆనించి మొక్కాం. మొక్కినవాడల్లా పంది నోట్లో ఓ నోటు దోపాడు. నోరు చాలక చెవుల్లో కూడా దోపారు.

ఇరవై ఇద్దరు ఆడపిల్లలు కాలిపోయిన చోటు అది. విగ్గుల ఫ్యాక్టరీ హాస్టల్ అక్కడే ఉండేది. డెబ్భై ఒకటిలో, చుసోక్ పండగకి ఇళ్లకి వెళ్లొచ్చిన వారానికే తగలబడింది. పిల్లలు బయట తిరుగుతారని తలుపుకి బయటి నుంచి తాళం వేసేవాళ్లు. ఆ సంగతంతా నేను పుస్తకంగా రాశాను కాబట్టి నన్ను ముందు వరుసలో నిలబెట్టారు.

మొక్కులయ్యాక ఆ తలనే కోసి పంచారు. తిలా పాపం తలా పిడికెడు. నేనూ తిన్నాను. ఉప్పు రొయ్యలు నంజుకుంటే బాగానే ఉంది. ఇంటికొచ్చి రెండుసార్లు పళ్లు తోముకున్నాను.

మార్చి 10

మ్యూజియం కమిటీ. భవనంలో కింద కాఫీ హోటల్ పెడతారట, పేరు ‘జడ’. దాని పక్కన అనుభవ గది. టికెట్ కొన్నవాళ్లకి ఆనాటి యూనిఫారం, తలకి రుమాలు ఇస్తారు. ఓ చిన్న విగ్గు అల్లి, ఫొటో దిగి, సంతోషంగా పోవచ్చు.

“తలుపుకి తాళం కూడా పెడదామండీ. ఓ అయిదు నిమిషాలు లోపల వేసి ఉంచితే ఆ ఫీలింగ్ వస్తుంది,” అన్నాడు నాం.

జోకు అనుకున్నాను. కాదు. రాసుకుంటున్నారు.

“అత్యవసర ద్వారం ఒకటి ఉండాలి కదయ్యా,” అన్నాడు హ్యోన్ అన్న. కమిటీ అధ్యక్షుడు ఆయన. యూనివర్సిటీలో నాకు సీనియర్, ముప్పై ఏళ్లుగా అన్న. ఆయన అభ్యంతరం అంతవరకే.

పెరట్లో నల్లరాయి నిలబెడతారు. దాని మీద చనిపోయిన ఇరవై రెండు పేర్లు, నా పుస్తకం చివర ఉన్నవే. పేర్లు సరిచూసే బాధ్యత నాది. “మీరు రాసిందే, మీరే సరిచూస్తారు, ఇంకేం కావాలండీ,” అన్నాడు నాం. మెట్లు దిగుతుంటే వెనకే వచ్చి చెవిలో వేశాడు, మొదటి డైరెక్టరుగా మేయరుగారి మనసులో ఉన్నది నేనేనట. వీడి సంగతి తెలియనిదా, అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. ఆ పదవి నాకు అక్కర్లేదు. కాకపోతే నేను లేకుండా ఆ తాళం పిచ్చిని ఆపేదెవరు?

మార్చి 19

గది నిండా ఎండు నెత్తళ్ల వాసన. కిటికీ తెరిచినా పోలేదు.

పాఠం చెప్పి వచ్చేసరికి గుమ్మం దగ్గర ఒకావిడ కూర్చుని ఉంది. డెబ్భైకి దగ్గర వయసు. ఒళ్లో కాగితం పొట్లం.

“మేంగ్ ప్రొఫెసరు గారంటే మీరేనా అండి? బజార్లో ఎండుచేపలమ్ముతాను. ఫ్యాక్టరీ గోడకి గుడ్డ కట్టారు కదండి, చచ్చిపోయినోళ్ల పేర్లని. అందులో ఏడో పేరు నాదండి.”

“మీ పేరే ఉన్న వేరే అమ్మాయి అయ్యుంటుంది పిన్నిగారూ.”

“తక్ ఒక్‌బున్. కల్‌మే ఊరు. నాన్న పేరు కూడా వేశారు మీరు. ఊరూ నాన్నా కూడా కలుస్తారా అండి వేరే అమ్మాయికి?”

గుర్తింపు కార్డు చూపించమన్నాను. తీసింది. అందులో తక్ మల్‌రే అని ఉంది.

“అది మా చెల్లెలండి,” అంది. “చచ్చిపోయింది అదే.”

టేపు పెట్టి మొదటి నుంచి చెప్పించుకున్నాను. ఫ్యాక్టరీలో చేరాలంటే పదహారు నిండాలి. ఒక్‌బున్‌కి పదిహేడు, పని ఖాయమైంది. తీరా వెళ్లే వారంలో దగ్గు పట్టుకుని మంచం ఎక్కింది. దొరికిన చోటు పోగొట్టుకోవడం ఎందుకని పదమూడేళ్ల చెల్లెలు మల్‌రే అక్క కాగితాలు పట్టుకెళ్లి, అక్క పేరు చెప్పి చేరింది. ఆ రోజుల్లో ఇది వింతేం కాదు. సగం హాస్టల్ అక్కల పేర్లతోనే నిండి ఉండేది. నా పుస్తకంలో మూడో అధ్యాయం మొత్తం దాని గురించే.

“మంటలయ్యాక నాన్న వెళ్లాడండి. చూపించారు. ఇది మా చిన్నది, మల్‌రే అన్నాడంట. కంపెనీ ఆయనేమో, మా దగ్గర మల్‌రే అన్న పిల్లే లేదు, ఒక్‌బున్ అంటే తీసుకుపో, కాదంటే ఇక్కడే ఉంటది అన్నాడంట. ఒక్‌బున్నే అని వేలిముద్రేసి దాన్ని తెచ్చుకున్నాడు. పాతిపెట్టి వచ్చి, చేతులన్నా కడుక్కోకుండా నాతో అన్నాడు, ఇయ్యాల్టి నుంచి నువ్వు మల్‌రేవే అని.”

ఆ పేరు మీదే పెళ్లి, కొడుకు, దుకాణం. పుట్టినరోజు కూడా చెల్లెలిదే. వాళ్లమ్మ ఆ రోజున ఆనవాయితీగా నాచు పులుసు కాచి ఈమెకి పెట్టి, ఇరుగుపొరుగు వెళ్లిపోయాక ఏడ్చేదట. ఈమె అసలు పుట్టినరోజు ఎప్పుడో ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కాదట.

“నా పేరు తీసెయ్యమని రాలేదండి,” అంది. “ఉంటే ఉండనీండి, నాకేం. దాని పేరు కూడా ఎక్కించండి. పాపం, ఎక్కడా చచ్చిపోయినట్టే లేదది.”

పొట్లం బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

మార్చి 20

ఆమె చెప్పింది నిజం. అంటే, నేను నమ్ముతున్నాను. మా పనిలో ఆ రెండూ ఒకటి కావు.

పుస్తకం రెండో ముద్రణ ప్రెస్సులో ఉంది. దానికీ దీనికీ సంబంధం లేదు.

ఏప్రిల్ 4

మళ్లీ కమిటీ.

నేను టేపు వినిపించాను. వింటున్నంతసేపూ హ్యోన్ అన్న కళ్లు మూసుకున్నాడు. కన్నీళ్లు కూడా తుడుచుకున్నాడు. ఆయన ఏడవడంలో నిష్ణాతుడు.

“గుండె పిండేసింది మేంగ్. అయితే ఏంటి? ఒక పెద్దావిడ నోటి మాట. మన భాషలో దాన్నేమంటాం? జ్ఞాపకం. రాతికి కావాల్సింది ఆధారం.”

“కంపెనీ జాబితానే అబద్ధం అంటోంది కదన్నా ఆవిడ.”

“కంపెనీ జాబితా మీద ముద్ర ఉందిరా.”

నాం గొంతు సవరించుకున్నాడు. “ఇంకో చిక్కుందండీ. తక్ మల్‌రే అంటే ప్రభుత్వ లెక్కలో బతికున్న మనిషి. ఈ ఏడే వృద్ధుల పెన్షన్ కూడా మొదలైంది, చూశాను. బతికున్నవాళ్ల పేరు చనిపోయినవాళ్ల రాయి మీద చెక్కితే అపశకునం. పైగా కేసవుతుంది.”

“ఇప్పుడు మీరు చెక్కబోయేది బతికున్నావిడ పేరే కదయ్యా!”

“లేదండీ. ఒక్‌బున్ గారు చనిపోయారు,” అన్నాడు ఎంతో ఓపికగా. “లెక్కలో.”

చుట్టూ తలలు ఊగాయి. చదువుకున్న తలలు. నాకు ఆ రోజు బల్ల మీది పంది గుర్తొచ్చింది. దానికి కనీసం ఉడికిపోయానన్న సాకు ఉంది.

రాయిని అలాగే ఉంచి, టేపుని మాత్రం మ్యూజియంలో వచ్చినవాళ్లు వినే శబ్ద గదిలో పెడదామని తీర్మానించారు. నేను గట్టిగా వ్యతిరేకించాను. నా అసమ్మతి మినిట్స్‌లో రాయమన్నాను. అది ఉంటే తీర్మానం ఏకగ్రీవం కాదని, నిధులు ఆగిపోతాయని నాం బతిమాలాడు. సరే తీసెయ్యమన్నాను. బయటికి నడిచి వీరుడు అనిపించుకోవడం ఎవడైనా చేస్తాడు. లోపల ఉండి పోరాడటమే కష్టం.

మే 13

మా ఆవిడ అంది, “రోజూ ఇంటికొచ్చి వాళ్లని తిడతావు. పొద్దున్నే చొక్కా ఇస్త్రీ చేయించుకుని మళ్లీ వాళ్ల దగ్గరికే పోతావు. ఆ తిట్లేవో వాళ్లకే తిడితే నా చెవులు మిగులుతాయి కదా.”

ఆమెకి సంస్థలు ఎలా నడుస్తాయో తెలియదు.

జూన్ 22

శబ్ద గది విన్నాను. గంటన్నర టేపుని రెండు నిమిషాలు చేశారు. ఎక్కడ కోశారో నాకు తప్ప ఎవరికీ తెలియదు. వెనక పియానో. “నాన్న వెళ్లాడండి... చూపించారు... ఒక్‌బున్నే... దాన్ని తెచ్చుకున్నాడు.” పైన బోర్డు: ‘నా అక్క ఒక్‌బున్. చెల్లెలు తక్ మల్‌రే జ్ఞాపకాలు.’

ఆమె గొంతుతోనే ఆమెని చంపించారు. ఛీ.

నాంకి ఫోను చేసి అరిచాను. పియానో తీసేస్తానన్నాడు.

జులై 17

బజారుకి వెళ్లాను. వర్షం. రేకుల కింద ఆమె నెత్తళ్ల తలలు గిల్లుతూ కూర్చుంది. నన్ను చూడగానే స్టూలు జరిపింది, పక్క దుకాణం నుంచి వేడి వేడి చేప ముక్కల పులుసు తెప్పించింది. చూస్తున్నాం పిన్నిగారూ, అన్నాను.

“నేను యాభై ఏళ్ల పైన చూశానండి. మీరూ ఓ పూట చూడండి, తప్పేముంది.”

జ్ఞాపకం వేరు, ఆధారం వేరు అని కమిటీ అన్న మాట చెప్పాను. వీలైనంత తేలిగ్గా చెప్పాను. శ్రద్ధగా వింది.

“అంటే నేను చెబితే జ్ఞాపకం. ముద్రున్నోడు చెబితే ఆధారం. అంతేనా అండి?”

అంత సులువు కాదు అన్నాను.

ఆమె కొడుకు నగర నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తా. వాడికి ఇదంతా ఇష్టం లేదట. “అమ్మా, నువ్వెవరైతే నాకేంటి, నన్ను మాత్రం మల్‌రే కొడుకుగా ఉండనీ అంటాడండి. వాడి భయం వాడిది.” నవ్వింది. ఆ మాటకి నాకు వాడి మీద అసహ్యం వేసింది. కన్నతల్లి పేరు కంటే ఉద్యోగం ఎక్కువైన వెధవ.

ఆగస్టు 29

డైరెక్టరుగా నియామకం ఉత్తర్వు వచ్చింది. ఒప్పుకున్నాను. ఆ తాళం కోసమే.

అక్టోబర్ 10

ఆవిష్కరణ. మంటలు వచ్చిన తేదీనే పెట్టారు.

మేయరు, తెల్ల చేమంతులు, తెల్ల చేతి తొడుగులు. టీవీలో కనిపించే అమ్మాయి మైకులో ఒక్కో పేరూ చదువుతుంటే ఆ ఇంటివాళ్లు వచ్చి రాయి ముందు పువ్వు పెట్టి వెళ్తున్నారు. నేను ముందు వరుసలో, మేయరుకి రెండు కుర్చీల అవతల.

“కీర్తిశేషులు తక్ ఒక్‌బున్. కుటుంబసభ్యులు రావాలి.”

ఆమె వచ్చింది. బూడిద రంగు కొత్త కోటు. జుట్టు దువ్వుకుని, నున్నగా ముడి వేసుకుంది. పువ్వు అందుకోలేదు. అమ్మాయి చేతిలోంచి మైకు తీసుకుంది, బజార్లో చిల్లర తీసుకున్నంత మామూలుగా.

“ఉన్నానండి. ఒక్‌బున్‌ని నేనే. ఇక్కడ చచ్చిపోయింది మా చెల్లెలు మల్‌రే. దానికి పదమూడేళ్లు. దాని పేరు రాయి మీద లేదు.”

ఎక్కడో వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మైకు కట్ చేశారు. ఆమెకి తెలియదు, ఇంకా మాట్లాడుతూనే ఉంది. పెదవులు కదలడం కనిపిస్తోంది.

ఒక విలేఖరి వంగి నా ముందుకొచ్చాడు. “డైరెక్టర్ గారూ, ఆవిడ చెప్పేది నిజమేనా?”

నాం నా మోచెయ్యి పట్టుకున్నాడు. గట్టిగా కూడా పట్టుకోలేదు.

“పెద్దావిడ కదా,” అన్నాను. “వయసు మీద పడింది. ఇలాంటి సందర్భాల్లో మనసు చెదిరి, పోయినవాళ్లే తామనుకోవడం మామూలే. మా పరిశోధనలో చాలాసార్లు చూశాం.”

ఎంత చక్కగా వచ్చిందో మాట. ఎక్కడా తడుముకోలేదు. వయసు మీద పడిందన్నది అబద్ధం కాదు. మనసు చెదిరిందనీ అనొచ్చు, ఎవరికి చెదరదు. విడివిడిగా చూస్తే అన్నీ నిజాలే.

భోజనంలో మేయరు స్వయంగా నాకు మందు పోశాడు. రెండు చేతులతో గ్లాసు పట్టుకుని, పెద్దల ముందు తాగేటప్పుడు తిప్పినట్టు మొహం పక్కకి తిప్పి తాగాను. మొహం తిప్పడం అంత హాయిగా ఎప్పుడూ అనిపించలేదు.

అక్టోబర్ 11

పేపర్లో ఫొటో. ‘చనిపోయిన అక్కనే తాననుకుంటున్న వృద్ధురాలు.’ కింద నా మాటలు, అక్షరం పొల్లు పోకుండా.

అక్టోబర్ 14

వెళ్లకుండా ఉండలేకపోయాను. వెళ్లకుండా ఉండాల్సింది.

స్టూలు జరపలేదు. నేను నిలబడే ఉన్నాను.

“చూశానండి మీ మాట. బజారంతా చూసింది. ఇప్పుడు నన్ను ఏమని పిలుస్తున్నారో తెలుసా? ఒక్‌బున్ అక్కా, ఒక్‌బున్ వదినా అని. నవ్వుకుంటా పిలుస్తారు. పిచ్చిదానికి ఏ పేరైతేనేం అని. ఇన్నేళ్లకి నా పేరు నాకొచ్చింది. మీ పుణ్యమే.”

ఎదురు దుకాణం ఆవిడ నిజంగానే అరిచింది, “ఒక్‌బున్ అక్కా, కత్తెర పడెయ్!” ఈమె విసిరింది.

“పిన్నిగారూ, ఆ రోజు నేను ఏమన్నానంటే...”

“నా సంగతి సరేనండి. పిచ్చిదాని మాట రాయెక్కదు కదా, మరి మా చిన్నదాని సంగతేంటి? ఒక్క ముక్క రాసివ్వండి. ఈవిడకి మతి బాగానే ఉంది, నేనే అబద్ధం ఆడాను అని. సంతకం పెట్టండి. ఇంకేం అడగను.”

ఇస్తానన్నాను. చేతిలో చెయ్యి వేయబోతే, చేపల చెయ్యండి అని వెనక్కి తీసుకుంది.

అక్టోబర్ 15

రాయడం మొదలుపెట్టాను. ‘అబద్ధం’ అన్న మాట దగ్గర ఆగాను. అంత కరుకుగా ఉంటే అసలు విషయం పక్కకి పోతుంది. ‘తొందరపాటు వ్యాఖ్య’ అంటే?

అక్టోబర్ 19

తాళం గది బాగా నడుస్తోంది. బడి పిల్లలు వరుసలు కట్టి వస్తున్నారు. లోపలికి వెళ్లి తలుపు పడగానే కేకలు, కేరింతలు. అయిదు నిమిషాలు ఉండేదాన్ని పట్టుబట్టి మూడుకి తగ్గించాను. నేను లేకపోతే అదీ జరిగేది కాదు.

పిల్లల కేకలు నా గదిలోకి వినిపిస్తాయి. గది మార్చమని అడగాలి.

అక్టోబర్ 27

రాయలేదు. కొత్త సంస్థ, మొదటి నెల, ఇప్పుడు గొడవైతే మొత్తం మ్యూజియానికే ముప్పు. అప్పుడు మిగతా ఇరవై ఒక్కమంది గతి?

నవంబర్ 3

రాయలేదు.

నవంబర్ 8

ఆమె వచ్చింది. టికెట్ కొనుక్కుని వచ్చింది. టికెట్ అక్కర్లేదని గుమ్మం దగ్గర చెప్పినా వినలేదట. నా గదిలో కూర్చోమన్నాను. కూర్చోలేదు.

“మీకు తీరిక లేనట్టుందని నేనే వెళ్లొచ్చానండి.”

“ఎక్కడికి?”

“పోలీస్ స్టేషన్‌కి. నా మీద నేనే కేసు పెట్టుకున్నాను.”

చచ్చిపోయిన మనిషి పేరుతో యాభై ఏళ్లకి పైగా బతికాను, నన్ను పట్టుకోండి అందట. అక్కడి కుర్ర ఇన్‌స్పెక్టరు ముందు ఆమెకి టీ ఇచ్చి, ఇంటి అడ్రసు గుర్తుందా మామ్మా అని అడిగాడట. పేపరు చదివినట్టున్నాడు. ఈమె కదల్లేదు. కల్‌మేలో సమాధి ఉంది, తవ్వుకోండి, అందులో ఉన్నది పదిహేడేళ్ల పిల్ల ఎముకలా, పదమూడేళ్ల పిల్ల ఎముకలా, చూసుకుని అప్పుడు నాకు పిచ్చో కాదో చెప్పండి అందట. అప్పుడు పెన్ను తీశాడట.

“నీ పేరేంటమ్మా అన్నాడండి. తక్ ఒక్‌బున్ అన్నాను. మరి మల్‌రే ఏమైందన్నాడు. డెబ్భై ఒకటి అక్టోబరు పదిన, విగ్గుల హాస్టల్లో, తలుపుకి తాళం వేసుంటే కాలిపోయింది అన్నాను. రాసుకున్నాడు. చదివి వినిపించి ముద్రేశాడు.” ఆమె నవ్వింది. “మంచోడేనండి. వయసు నాలుగేళ్లు తక్కువ రాయించుకుని పెన్షన్ నాలుగేళ్లు ఆలస్యంగా తీసుకున్నావా, మోసం చేసి నష్టపోయినదాన్ని నిన్నొక్కదాన్నే చూశానమ్మా అన్నాడు.”

కోర్టు తేల్చేదాకా దుకాణం లైసెన్సు ఆపేశారట. ఆసుపత్రి కార్డు పనిచెయ్యదట. మల్‌రే చచ్చిపోయింది కాబట్టి కార్డు చెల్లదు, ఒక్‌బున్ ఎప్పుడో చచ్చిపోయింది కాబట్టి కొత్తది ఇవ్వరు. కొడుకు ఫోను ఎత్తడం లేదు.

“ఎందుకిలా చేశారు పిన్నిగారూ? ఇంకో వారం ఆగితే నేనే...”

సంచీలోంచి కాగితం తీసి, రెండు మడతలూ విప్పి, అరచేత్తో సాపు చేసి నా బల్ల మీద పెట్టింది.

“ఇదిగోండి. జ్ఞాపకం కాదు.”

నవంబర్ 9

కమిటీ. హ్యోన్ అన్న కళ్లజోడు పైకెత్తి ముద్రని దగ్గరగా చూశాడు. కాగితం పేరు ‘నిందితురాలి వాంగ్మూలం’. అందులో ఉన్నవి మార్చిలో నా టేపులో ఉన్న మాటలే. వరుస కూడా అదే. తేడా ఏమైనా ఉందేమోనని వెతికాను, లేదు.

“ప్రభుత్వ ముద్ర ఉంది,” అన్నాడు. “ఇంకేం, సరిపోతుంది.”

కాఫీ చల్లారేలోపే తీర్మానం అయిపోయింది. సోమవారం రాయి చెక్కేవాళ్లు వస్తారు. ఏడో పేరు తీస్తే గుంట పడి అసహ్యంగా ఉంటుందని అలాగే ఉంచి, అన్నిటికంటే కింద తక్ మల్‌రే అని చెక్కుతారు. నిందితురాలికి ఏమవుతుందని ఎవరూ అడగలేదు. నేను అడుగుదామనుకునేలోపు తర్వాతి విషయానికి వెళ్లిపోయారు, చలికాలంలో కాఫీ హోటల్ వేళల గురించి.

బయటికొచ్చాక నాం వెనకాలే వచ్చాడు. చేతిలో పత్రికలకి పంపాల్సిన ప్రకటన. “‘డైరెక్టర్ మేంగ్ అలుపెరగని పరిశోధన వల్ల యాభై ఏళ్ల తర్వాత వెలుగులోకి వచ్చిన పేరు’ అని పెట్టానండీ. బాగుందా? ఇలాగే రాయనా?”

రాయమన్నాను.